తాండూరులో ఫోను ముందు పంచాయితీ

వికారాబాదు ఎందుకు వెళుతున్నావని మా అమ్మ అడిగింది. పిల్లల మనసు గురించి ఆలోచించడం తల్లిదండ్రులకు నేర్పే పని మీద వెళుతున్నానని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నీకెవరు నేర్పారు అంది. రైలుకు వేళైందని వంక పెట్టి బయటపడ్డాను.

నిజానికి నేర్పేది నేను కాదు, ఫోనులో ఉండే ఒక చాట్‌బాట్. అది మాట్లాడుతుంది, మనం మాట్లాడితే వింటుంది. పిల్లలు అలిగారనో, ఎదురు చెప్పారనో దానికి చెప్పుకుంటే ఏం చేయాలో చెప్పదు. అప్పుడు వాళ్ల మనసులో ఏముండి ఉంటుంది, మీ మనసులో ఏముంది అని అడుగుతుంది. అలా అడగ్గా అడగ్గా, చెయ్యి లేచే ముందో నోరు లేచే ముందో ఒక్క క్షణం ఆగే అలవాటు పెద్దవాళ్లకు వస్తుందని దాన్ని తయారుచేసినవాళ్ల ఆశ. ఆ ప్రశ్నలను తెలుగులో రాసింది నేను. ఒక్కొక్క ప్రశ్నకూ వారం రోజులు కుస్తీ పట్టాను కాబట్టి వాటిమీద నాకు కాస్త ఎక్కువ మమకారమే ఉంది. మొదట్లో వచ్చే పేరేమిటి, వయసెంత, ఏ తరగతి అనే పొడి ప్రశ్నలు మాత్రం కంప్యూటర్ వాళ్లు రాసుకున్నారు. వాటిని నేను ప్రశ్నల్లోనే లెక్క వేయలేదు.

ఇళ్లలో జనం దీనితో ఎలా మాట్లాడతారో చూసి రమ్మని నన్ను పంపారు. మాది తెనాలి. ఏళ్ల తరబడి హైదరాబాదులో ఉంటున్నా, వికారాబాదు నాకు రైలు కిటికీలోంచి కనిపించే బోర్డు మాత్రమే. ఆ బోర్డు దగ్గర దిగడం ఇదే మొదలు.

వికారాబాదులో సీతాఫలాలు

స్టేషను బయట అడుగు పెట్టగానే సీతాఫలాల గంపలు. బేరమాడటంలో తెనాలి పరువు నిలబెట్టాలని గంప మొత్తం సగం ధరకు అడిగాను. అమ్మే ఆవిడ మారుమాట లేకుండా ఇచ్చేసింది. అంత సులువుగా ఇచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఆ పళ్లన్నీ ఒకే మధ్యాహ్నం కూడబలుక్కున్నట్టు మెత్తబడ్డాయి. నేను అచ్చు వేయించుకుని తెచ్చుకున్న ప్రశ్నల కాగితాలన్నీ జిగురుజిగురై ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ తరువాత వారమంతా నా చేతిసంచీకి ఈగల తోడు ఉండేది.

నన్ను తీసుకెళ్లడానికి మరియమ్మ వచ్చింది. అంగన్‌వాడీ టీచరు, యాభై ఏళ్లుంటాయి, ఎండ లేకపోయినా గొడుగు వేసుకునే నడుస్తుంది. తల్లులను పోగుచేసే పని ఆమె ఒప్పుకుంది. అంగన్‌వాడీ గదిలో చాపలు పరిచి, అందరికీ చాయ్ పోసి, ఇక నీ మిషన్‌ను మాట్లాడించమంది.

ఆఫీసులో మేము అనుకున్నది ఏమిటంటే, తల్లి ఒంటరిగా ఒక మూల కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మనసు విప్పి మాట్లాడుతుందని. ఇక్కడ ఫోను ఎత్తిన మొదటి ఆవిడ మొదటి పనిగా స్పీకరు పెట్టింది. అందరూ వినకపోతే అదేం మాట అన్నట్టు చూసింది. ఇక ఒకరిని అడిగిన ప్రశ్నకు పదిమంది జవాబు చెప్పడం మొదలైంది. మా దగ్గర ఇంటి విషయం గడప దాటితే పరువు పోయిందంటారు. ఇక్కడ ఇంటి విషయం పక్కింటావిడకు తెలియకపోతే ఆమె చిన్నబుచ్చుకుంటుంది.

బాట్ గొంతు తియ్యగా, పాఠ్యపుస్తకం చదివినట్టు ఉంటుంది. మీ అబ్బాయి అన్నం పళ్లెం విసిరికొట్టినప్పుడు తన మనసులో ఏముండి ఉంటుందని అనుకుంటున్నారు అని ఒకామెను అడిగింది. ఆమె చాలాసేపు ఆలోచించింది. నా ప్రశ్న లోపలికి దిగుతోందని నేను మురిసిపోయాను. చివరికి ఆమె చెప్పింది:

"వాళ్ల నానమ్మ ఉంటది. ఆమె నేర్పిందే అదంత."

"మీరు చాలా చక్కగా ఆలోచించారు. దాని గురించి ఇంకొంచెం చెబుతారా?" అంది బాట్.

అంత మర్యాదగా అత్తగారి గురించి అడిగినవాళ్లు ఆమె జీవితంలో ఎవరూ ఉండి ఉండరు. చెప్పడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు తమ అత్తలను కూడా కలిపారు. ఎవరేమన్నా బాట్ చక్కగా ఆలోచించారు అంటూనే ఉంది. పిల్లల ఊసు మళ్లీ ఎత్తేసరికి భోజనాల వేళ దాటిపోయింది. నా ప్రశ్నలలో లోపమేమీ లేదని, శ్రోతలదే తప్పని అప్పటికింకా నా నమ్మకం.

సాయంత్రం మరియమ్మ ఇంట్లో కూర్చుని ఉండగా ఆమె అసలు సంగతి బయటపెట్టింది. తాండూరులో ఆమె తమ్ముడు ప్రభుదాసుకు బండలు పాలిష్ చేసే చిన్న యూనిట్ ఉంది. ఆయనకు ఒక్కతే కూతురు, గ్రేసీ.

"రెండు వారాలసంది తండ్రితోని మాట్లాడుత లేదు. ఎందుకంటే చెప్పది. నా ఇంటికొచ్చి ఇక్కడి బడిల చదువుకుంట అంటున్నది. రేపు పోయి తోల్కొస్త. పిల్ల వస్తే నాకు సంతోషమే గని, వాడు ఆగమైతడు. నీ మిషన్ పనిచేస్తదా లేదా గక్కడ చూద్దాం పా" అంది.

అత్తల మీద కబుర్లు వినీ వినీ నీరసపడి ఉన్నాను. నా ప్రశ్నల సత్తా చూపించడానికి ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదని వెంటనే ఒప్పుకున్నాను. రైల్లో మరియమ్మను అడిగి గ్రేసీ పేరు, వయసు, తరగతి అన్నీ నేనే ఫోనులో నింపేశాను. ఆ పొడి ప్రశ్నలతో పొద్దు పుచ్చకుండా నేరుగా నా ప్రశ్నల దగ్గరికే వెళ్లాలని నా తొందర.

తాండూరులో బండలు, వెల్లుల్లి కారం

తాండూరులో చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి రాతిపొడి ఉంటుంది. కాసేపు వీధిలో నిలబడితే మన కనుబొమ్మల మీద కూడా ఉంటుంది. మా తెనాలిలో ఇంటి ముందు నాలుగు నాపరాళ్లు పరిచారంటే ఆ ఇంటాయన వాటి గురించి ఏడాది చెప్పుకుంటాడు. ఇక్కడ ప్రహరీగోడ బండలు, అరుగు బండలు, బట్టలుతికేది బండ, చివరికి కోళ్లగూడు కూడా నాలుగు నీలం బండలు నిలబెట్టి పైన ఒకటి కప్పినదే. ఆ కోళ్లు మా పెద్దనాన్న కన్నా మంచి ఇంట్లో ఉన్నాయి.

ప్రభుదాసు పొట్టిగా, గట్టిగా, జుట్టునిండా దుమ్ముతో ఎదురొచ్చాడు. నమస్కారం పెట్టి, వెంటనే మరియమ్మ చేతిలోని ఖాళీ సంచీ వైపు చూశాడు. కూతురి బట్టలు పెట్టుకోవడానికి తెచ్చిందని అర్థమై ముఖం తిప్పుకున్నాడు. గుమ్మం పక్కన గ్రేసీ నీలం బ్యాగు అప్పటికే సర్ది పెట్టి ఉంది.

భోజనానికి జొన్నరొట్టె, పప్పు, వెల్లుల్లి కారం పెట్టారు. ప్రభుదాసు భార్య సువార్త కారం జర చూసుకొని తినమని హెచ్చరించింది. గుంటూరు జిల్లా కారం ముందు ఇదెంత అని ఇంత ముద్ద పెట్టుకున్నాను. ఆ తరువాత ఎవరైనా ఏమైనా అడిగితే తల ఊపడం తప్ప ఏమీ చేయలేకపోయాను. పప్పు మాత్రం చెప్పి తీరాలి. అక్కడి కందిపప్పుకు నెయ్యి అక్కర్లేదు, తాలింపు కూడా మర్యాద కోసమే. వచ్చేటప్పుడు నాలుగు కిలోలు కొనుక్కున్నాను.

ఇంట్లో మాటల రవాణా ఎలా సాగుతోందో తింటుండగానే చూశాను. గ్రేసీ తండ్రికి చెప్పాల్సింది తల్లికి చెబుతుంది. తల్లి దాన్ని ఆయనకు చెబుతుంది. తల్లి లోపలికి పోతే గ్రేసీ వాకిట్లో తిరిగే కోడితో, నాయినకు రొట్టె కావాలెనేమో అడుగు అంది. ప్రభుదాసు చాలని కోడికే జవాబు చెప్పాడు. నేను నవ్వాపుకోబోయి మళ్లీ కారం మింగాను. కానీ ఆయన రెండో రొట్టె సగంలోనే వదిలేసి చెయ్యి కడుక్కోవడం చూస్తే ఆ నవ్వు కాస్తా పోయింది.

కూతురి అలకకు కారణం తనకు తెలుసని ప్రభుదాసు నాతో చెప్పాడు. ఫోను కావాలంది, కొనివ్వనన్నాడు, అంతే. తండ్రిగా తాను చేయని పని లేదట. మొన్న బడిలో పేరెంట్స్ మీటింగుకు ఎప్పుడూ వెళ్లే సువార్తకు జ్వరమొస్తే పని ఆపుకుని తానే వెళ్లాడు. తీరా చూస్తే అక్కడి సారు లిస్టులో గ్రేసీ పేరే లేదట. తాను ఊరుకోలేదు. హెడ్మాస్టరును పిలిపించాడు, బడంతా వినపడేలా నిలదీశాడు. చివరికి ఎవరో టీచరు వచ్చి వేరే గదిలోకి తీసుకెళ్లి వేరే లిస్టులో పేరు చూపించింది. ప్రభుదాసు దృష్టిలో అది పూర్తిగా బడివాళ్ల గోల్‌మాల్, తాను కూతురి కోసం గెలిచిన యుద్ధం. పిల్లల కోసం ఇంత పట్టించుకునే తండ్రి అని నేను మనసులో మెచ్చుకున్నాను. పాతికేళ్ల కిందట ఎవరింటికి ఏ కొలత మెట్టు కోసిచ్చాడో కూడా చెప్పగలిగిన మనిషి ఆయన.

స్టూలు మీద పెద్దమనిషి

చాట్‌బాట్ అంటే ఏమిటో మరియమ్మ తనకు తోచినట్టు వివరించింది. ఇద్దరి మధ్య ఏదైనా వస్తే ఇది వింటుంది అని. వింటుంది అన్న మాటతో ఆ ఇంట్లో అందరికీ విషయం అర్థమైపోయింది. అంటే పెద్దమనిషి.

ఆ వైపు తగువు తీర్చడానికి ఒక పద్ధతి ఉంది. పెద్దమనిషి ఎత్తుగా కూర్చోవాలి. ముందు చాయ్ ఆయనకే ఇవ్వాలి. గొడవపడ్డ ఇద్దరూ ఉండాలి, కానీ ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఏదైనా పెద్దమనిషికి చెప్తున్న అని మొదలుపెట్టి ఆయనకే చెప్పాలి. సువార్త వాకిట్లో స్టూలు వేసి, దానిమీద ఉతికిన తువ్వాలు పరిచి, నా ఫోను పెట్టింది. దాని ముందు ఒక కప్పు చాయ్ కూడా పెట్టింది. గ్రేసీ రానంది. వంటింటి గుమ్మం లోపల, మాకు కనపడకుండా కూర్చుంది.

ఇంతలో పక్కింటి బాలప్ప వచ్చాడు. ఆ గల్లీలో ఏ పంచాయితీ అయినా అసలు పెద్దమనిషి ఆయనే. సరిహద్దు అవతల కన్నడ ఊరి నుంచి వచ్చి స్థిరపడ్డాడు. తనను పిలవకుండా ఎవర్నో ఫోనులో కూర్చోబెట్టారని తెలిసి, పిలవకుండానే వచ్చి స్టూలు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

నేను బాట్‌ను మొదలుపెట్టాను. "మీ అమ్మాయి మీతో మాట్లాడకుండా ఉన్నప్పుడు, తన మనసులో ఏముండి ఉంటుందని మీరు అనుకుంటున్నారు?" అని అడిగింది. నా ప్రశ్నల్లో ఆణిముత్యం అది.

"పెద్దమనిషికి చెప్తున్న. ఫోనుంటది" అన్నాడు ప్రభుదాసు.

"మీరు చాలా చక్కగా ఆలోచించారు. ఫోను కాకుండా ఇంకేమైనా ఉండవచ్చా?"

ప్రభుదాసు నిజంగానే ఆలోచించాడు. "ఫోను కవరు" అన్నాడు.

ఇలా కొంతసేపు నడిచింది. మీకు అప్పుడు ఎలా అనిపించింది అంటే, పరేషాన్ అయిన అన్నాడు. ఆ పరేషాన్ శరీరంలో ఎక్కడ తెలిసింది అంటే, నడుము ఎప్పటిసందో నొస్తున్నది అన్నాడు. బాలప్పకు ఓపిక నశించింది.

"పెద్దమనిషి అన్నంక తీర్పు చెప్పాలె. ఊకె అడుగుడేంది" అని విసుక్కుని, ఫోను ముందు చల్లారిపోతున్న చాయ్ తీసి తాగేశాడు. తరువాత అసలు లోపల ఎవరున్నారో చూద్దామని ఫోను ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. ఆయన బొటనవేలు ఎక్కడ పడిందో ఏమో, అంతా చెరిగిపోయి మొదటికొచ్చింది.

"నమస్కారం. ముందుగా మీ గురించి కొన్ని వివరాలు. మీ అమ్మాయి పేరు?"

"గ్రేసీ."

"గ్రేసీ ఏ తరగతి చదువుతోంది?"

ఆ పొడి ప్రశ్నలు దాటించేద్దామని నేను చెయ్యి చాపాను. విచారణ మధ్యలో చెయ్యి పెట్టొద్దని బాలప్ప ఫోనును అవతలికి జరిపాడు. ఈలోగా ప్రభుదాసు, బండ కొలత చెప్పినంత ధీమాగా చెప్పేశాడు.

"ఎనిమిది."

"తొమ్మిది" అని వంటింట్లోంచి వినపడింది.

రెండు వారాల్లో తండ్రి మాటకు కూతురి నుంచి వచ్చిన మొదటి జవాబు అది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఒక్క బాట్ తప్ప.

"క్షమించండి, నాకు రెండు జవాబులు వినిపించాయి. ఎనిమిదా, తొమ్మిదా?"

నాకు ప్రభుదాసు చెప్పిన బడి యుద్ధం గుర్తొచ్చింది. ఆయనకు కూడా అదే గుర్తొస్తోందని ముఖం చూస్తే తెలుస్తోంది.

"అయితే ఆనాడు నేను కూసున్నది ఎనిమిదో తరగతి గదిలనా?" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

గ్రేసీ లేచి వచ్చింది. తండ్రి వైపు చూడకుండా స్టూలు ముందు నేలమీద కూర్చుంది. పద్ధతి మాత్రం తప్పలేదు.

"పెద్దమనిషికి చెప్తున్న. ఈసారి మా నాయిన వస్తున్నడని క్లాసుల అందరికి చెప్పిన. నా పక్కన కుర్చీ పెట్టుకున్న. ఆయన పక్క గదిల కూసొని, నా పేరు లేదని కొట్లాడుతుంటే గోడ ఇవతలికెల్లి విన్న. అందరు నవ్విండ్రు. నవ్వితే నవ్వనీ. నేను ఏ క్లాసో గూడ నాయినకు తెల్వది."

నేను వారాలపాటు చెక్కిన ప్రశ్నలన్నీ ఆ పిల్ల చుట్టూ గాల్లో తిరిగాయి. ఎవరో కంప్యూటర్ మనిషి ఫారం నింపడానికి రాసుకున్న ప్రశ్న వెళ్లి సరిగ్గా గాయం మీద చెయ్యి పెట్టింది. సిగ్గేసింది, సంతోషం కూడా కలిగింది.

"మీరు చాలా చక్కగా..." అని బాట్ మొదలుపెట్టింది.

"జర ఆగు తల్లీ" అని ప్రభుదాసు ఫోనును తువ్వాలు మీద బోర్లా పెట్టాడు. సర్దిచెప్పుకుంటాడేమో, పని ఒత్తిడి అంటాడేమో అనుకున్నాను. అలాంటిదేమీ అనలేదు.

"ఏ సెక్షన్ బిడ్డా?" అని అడిగాడు.

గ్రేసీ బోర్లా పడి ఉన్న పెద్దమనిషిని చూసింది. తండ్రికి నేరుగా చెప్పడానికి మనసు ఇంకా ఒప్పుకోలేదు. బాలప్ప వైపు తిరిగింది.

"పెద్దమనిషికి చెప్తున్న. బి."

బాలప్ప కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. పోయిన పదవి తిరిగొచ్చిన ఆనందం ఆయన మీసాల్లో కనపడింది. అవునన్న మాటను కన్నడంలోనే ఉంచి, "హౌదు. బి అంటున్నది" అని, చేతికందే దూరంలో ఉన్న ప్రభుదాసుకు గంభీరంగా అందజేశాడు.

ఇక ప్రభుదాసు అడుగుతూనే ఉన్నాడు. పక్కన ఎవరు కూర్చుంటారు, లెక్కలు ఎవరు చెబుతారు, ఏ సబ్జెక్టు కష్టం. ఒక్కొక్క జవాబూ బాలప్ప మీదుగా వచ్చింది. రాత్రి అన్నాలకు పిలిచేదాకా బాలప్ప లేవలేదు, రెండు కప్పుల చాయ్ కూడా సంపాదించాడు. పడుకోబోయే ముందు మరియమ్మ మేనకోడలిని అడిగింది, రేపు నాతో వస్తావా ఉంటావా అని. పొద్దున్నే చెప్తానంది గ్రేసీ. నీలం బ్యాగు గుమ్మం పక్కనే ఉండిపోయింది.

పొద్దున్నే, పాలిష్ యూనిట్ దగ్గర

ఇంటికొచ్చాక ఆఫీసులో నా నివేదిక చదివి, ఏ ప్రశ్న బాగా పనిచేసిందని అడిగారు. నేను రాయనిది అని చెప్పాను. ఆ పొడి ప్రశ్నలను ఇక ఎవరూ ముందే నింపకూడదని, తల్లిదండ్రులనే అడగాలని రాసిచ్చాను. చాలా చక్కగా ఆలోచించారు అనే మాటను కూడా కాస్త పొదుపుగా వాడమన్నాను. అమ్మ మాత్రం కందిపప్పు తప్ప నేను తెచ్చింది మరేమీ లేదని తేల్చేసింది.

కానీ తాండూరులో చివరి పొద్దు గురించి ఇంకా చెప్పలేదు. స్టేషనుకు పోతూ మరియమ్మా నేనూ ప్రభుదాసు యూనిట్ దగ్గర ఆగాం. గ్రేసీ నిద్ర లేచిన దగ్గర్నుంచి ఏమీ తేల్చలేదు. యూనిఫాం వేసుకుని, జడలు వేసుకుని, మా వెనకే నడిచొచ్చింది. మరియమ్మ సంచీ ఇంకా ఖాళీగానే ఉంది.

గోడకు ఆనించిన ఒక పెద్ద బండ మీద ప్రభుదాసు సుద్దముక్కతో కొలతలు రాసుకుంటాడు. ఫలానావారి మెట్లకు ఇంత, ఫలానావారి కిటికీకి ఇంత. ఆ పొద్దున ఆ కొలతలన్నిటికీ పైన, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో 9 బి అని రాసి ఉంది. మిషన్ మీద పనిచేసే ఆయన అది ఎవరి కొలతని అప్పటికే ఒకసారి అడిగాడట. అది కోసేది కాదని ప్రభుదాసు చెప్పాడట.

గ్రేసీ ఆ బండ ముందు ఆగింది. ప్రభుదాసు మిషన్ ఆపేసి, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. హెడ్మాస్టరుతో కొట్లాడినప్పుడు కూడా ఆయన అంత భయపడి ఉండడు. చుట్టూ చూశాను. తల్లి లేదు, కోడి లేదు, బాలప్ప లేడు. ఫోను నా సంచీలో సీతాఫలాల జిగురు మధ్య ఉంది.

గ్రేసీ సుద్దముక్క తీసుకుని, వంకరగా ఉన్న తొమ్మిదిని సరిచేసింది. తరువాత తండ్రి వైపు తిరిగింది.

"జూన్‌ల పది అయితది. గప్పుడు యాదికుంచుకొని నువ్వే మార్చాలె నాయినా" అంది.

ఆయన తల ఊపాడు. గ్రేసీ బడి వైపు నడిచింది. మరియమ్మ ఖాళీ సంచీని మడతపెట్టి చంకలో పెట్టుకుని, గొడుగు తెరిచి, ఇక రైలుకు పోదాం, మనమిద్దరమే కదా అంది.